చిట్టెలుకల్లో అని రాయండి, ఎన్ని వారాలో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను తెనాలి దగ్గర ఒక జూనియర్ కాలేజీలో 20 ఏళ్ళుగా జువాలజీ చెప్తున్నాను, మీ పేపర్ మా ఇంట్లో మా నాన్నగారి రోజుల నుంచీ వేయించుకుంటున్నాం. ఇంతవరకు ఒక్క ఉత్తరం కూడా రాయలేదు, ఇది కాస్త పొడుగ్గానే ఉంటుంది, వేయగలిగినంత వేయండి కానీ మీరు మాత్రం మొత్తం చదవండి దయచేసి. మొన్న ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో డిప్రెషన్ టాబ్లెట్లు మెదడులో కొత్త కణాలు పుట్టిస్తాయి అని పెద్ద హెడ్డింగ్‌తో ఒక ఐటమ్ వచ్చింది కదా, దాని గురించే. అది తప్పు అనడం లేదండి, అసలు ఆ సబ్జెక్టు మన తెలుగు పేపర్లోకి రావడమే నాకు సంతోషం. కానీ చివరిదాకా చదివితే గానీ అది చిట్టెలుకల్లో చూసిన సంగతి అని తెలీదు, అదీ ఒక్క మాటలో, ఇక ఎన్ని రోజులు మందు ఇస్తే ఆ కణాలు పుట్టాయి అన్నది ఎక్కడా లేనే లేదు. సోమవారం పొద్దున్నకల్లా ఆ కటింగ్ ఫోటో మా బంధువుల వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది, కింద ఒకళ్ళేమో మెదడు పెరుగుతుందట అని, ఇంకొకళ్ళు అమ్మో కణాలు పెరగడం అంటే గడ్డ కాదా అని, ఆ తర్వాత కాసేపటికే మా పిన్ని ఫోన్ చేసి ఏమే, నా బిళ్ళలు ఆపేయనా అని అడిగింది. ఆ ఫోన్ వచ్చింది కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నా.

మా పిన్నికి 61 ఏళ్ళు. బాబాయి పోయాక మొదటి రెండు నెలలు అందరూ ఏడ్చినట్టే ఏడ్చింది, తర్వాత ఏడుపు కూడా ఆగిపోయింది, గోడవైపు తిరిగి పడుకోవడం, తెల్లవారుజామున 3 గంటలకే మెలకువ, కంచంలో అన్నం కెలికి లేచిపోవడం. పెద్దాళ్ళు దిగులు అన్నారు, గాలి సోకింది అన్నవాళ్ళూ ఉన్నారు. బతిమాలి బతిమాలి సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్తే డిప్రెషన్ అని చెప్పి రోజుకొక టాబ్లెట్ రాశారు. పదకొండో రోజున మానేసింది. ఏం లాభం లేదే, పైగా కడుపులో తిప్పుతోంది, 10 రోజులు వేసుకున్నా గుణం లేని మందు మందేంటి అంది. జ్వరం బిళ్ళ రెండు గంటల్లో, గ్యాస్ బిళ్ళ అరగంటలో పనిచేస్తాయని చూసినవాళ్ళకి ఆ మాట సహజమే కదండీ. ఆవిడకి అప్పుడు డాక్టర్ దగ్గర ఎవరూ ఇది 4 వారాలు పడుతుంది, ఎందుకు పడుతుందంటే ఇదిగో ఇందుకు, అని కూర్చోబెట్టి చెప్పలేదు, నేను కూడా చెప్పలేదు, నాకు తెలిసుండీ చెప్పలేదు, ఆ బాధ నాకుంది.

ఆ ఎందుకు అన్న ప్రశ్నకి జవాబు వెతుకుతూనే సైంటిస్టులు ఎలుకల దగ్గరికి వెళ్ళారు. మీ ఐటమ్‌లో పోయింది ఆ ముక్కే.

ఈ మందుల కథ అసలు టీబీ వార్డులో మొదలైంది. 1952లో న్యూయార్క్‌లో సీ వ్యూ అనే టీబీ హాస్పిటల్లో ఐప్రోనియాజిడ్ అనే మందు ఇస్తే, ఊపిరితిత్తుల సంగతి అలా ఉంచి, మంచాన పడున్న పేషెంట్లు లేచి హుషారుగా తిరగడం మొదలుపెట్టారు. తర్వాత 1957లో స్విట్జర్లాండ్ డాక్టర్ రోలాండ్ కూన్ ఇమిప్రమిన్ గురించి బయటపెట్టారు. 1987 డిసెంబర్లో అమెరికాలో ఫ్లూక్సెటిన్‌కి పర్మిషన్ వచ్చింది, ప్రోజాక్ అంటే చాలామందికి తెలుస్తుంది. అదే ఫ్లూక్సెటిన్ 40 మిల్లీగ్రాముల క్యాప్సూల్ జనరిక్‌ని 2001 ఆగస్టులో అమెరికా మార్కెట్లోకి, 180 రోజులు ఇంకే జనరిక్ కంపెనీ దాన్ని అమ్మకూడదు అనే ప్రత్యేక హక్కుతో దింపింది మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్, ఒక ఇండియన్ కంపెనీకి అలాంటి హక్కు దొరకడం అదే మొదటిసారి. అంటే ఈ మందు మనకి పరాయిదేం కాదు, అక్కడివాళ్ళకి మనూళ్ళో తయారైన గొట్టాలు పంపాం.

ఈ మందులన్నిట్లో ఒక చిక్కుముడి ఉంది. ఒక నరకణం సెరటోనిన్ అనే రసాయనాన్ని వదిలాక దాన్ని మళ్ళీ లోపలికి పీల్చేసుకునే ఒక పంపు లాంటిది ఉంటుంది, ఫ్లూక్సెటిన్ లాంటి మందు ఆ పంపుకి అడ్డం పడుతుంది. అది గంటల్లో జరిగిపోయే పని. పంపు ఆగితే సెరటోనిన్ బయట ఎక్కువసేపు ఉంటుంది. సెరటోనిన్ తక్కువవడమే జబ్బు అయితే రెండోరోజుకి మనిషి లేచి కూర్చోవాలి కదా. లేవరు. రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు. మరి ఆ వారాలన్నీ లోపల ఏం జరుగుతోంది? రసాయనం పెరగడం గంటల పని అయితే, వారాలు పట్టే పని ఏదో ఇంకోటి ఉండాలి, ఏదో పెరగాలి, ఏదో అతుక్కోవాలి.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి, ఇది నేను క్లాసులో చెప్పే ప్రతిసారీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది. పెద్దయ్యాక మెదడులో కొత్త నరకణాలు పుట్టవు, ఉన్నవి చావడమే అని నరాల శాస్త్రానికి తండ్రి లాంటి స్పెయిన్ సైంటిస్ట్ కహాల్ 1910ల్లో రాసిపెట్టారు, అదే వేదవాక్కు అయిపోయింది. 1965లో జోసెఫ్ ఆల్ట్‌మన్, ఆయనతో పాటు మన ఇండియన్ గోపాల్ దాస్, పెద్ద ఎలుకల, అంటే చిట్టెలుకలు కాదు, ర్యాట్స్ అంటాం, వాటి మెదడులో హిప్పోకాంపస్ అనే చోట కొత్త నరకణాలు పుడుతున్నాయి అని చూపించారు. దాదాపు పాతికేళ్ళు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. గోపాల్ దాస్ పేరు మన పాఠ్యపుస్తకాల్లో నాకెక్కడా కనపడలేదు, మీ పేపర్లోనైనా ఒకసారి ఆ పేరు అచ్చయితే బాగుంటుంది. హిప్పోకాంపస్ అంటే చెవికి ఎగువన మెదడు లోపలికి మడతపడి ఉండే భాగం, జ్ఞాపకాలకీ, ఇది కొత్త చోటు ఇది పాత చోటు అని గుర్తుపట్టడానికీ, భయాన్ని అదుపులో పెట్టడానికీ అది కావాలి. అందులో డెంటేట్ గైరస్ అని ఒక అంచు, కొత్త కణాలు పుట్టేది ఆ అంచులోనే, మెదడంతా కాదు. గ్రూపులో మెదడు పెరుగుతుందట అన్నవాళ్ళకి చెప్పాల్సింది ఇదే, మెదడు ఉబ్బదు, గడ్డా కాదు, ఒక చిన్న అంచులో విత్తన కణాలు విడిపోయి నరకణాలుగా మారతాయి, అంతే.

2000లో అమెరికా యేల్ యూనివర్సిటీలో రొనాల్డ్ డ్యూమన్ టీమ్ పెద్ద ఎలుకలకి రెండు నుంచి నాలుగు వారాలు రకరకాల డిప్రెషన్ మందులు ఇచ్చి, కొత్తగా విడిపోతున్న కణాలకి గుర్తు పెట్టే ఒక రసాయనం ఎక్కించి లెక్కపెట్టారు. 20 నుంచి 40 శాతం ఎక్కువ కొత్త కణాలు కనపడ్డాయి. సైకోసిస్‌కి ఇచ్చే హాలోపెరిడాల్ ఇస్తే పెరగలేదు, కరెంట్ ట్రీట్‌మెంట్ ఇస్తే పెరిగాయి. కొద్దిరోజులే ఇస్తే పెరగలేదు. చూడండి, మళ్ళీ వారాల లెక్క. సరే పెరిగాయి, అయితే ఏంటి, ఆ పెరగడానికీ బాగవడానికీ సంబంధం ఉందని ఎలా తెలుస్తుంది? జ్వరం వచ్చినప్పుడు నాలుక తెల్లబడుతుంది, అంతమాత్రాన నాలుక గీకేస్తే జ్వరం పోదు కదా.

దానికోసం 2003లో కొలంబియా యూనివర్సిటీలో రెనే హెన్ టీమ్ చేసిన ప్రయోగం ఉంది, మీ ఐటమ్‌లో చెప్పాల్సిన అసలు కథ ఇదే, ఇది చిట్టెలుకల్లో చేశారు. చిట్టెలుకకి వెలుతురన్నా నడిమధ్య ఖాళీ అన్నా భయం, మనింట్లో చూస్తాం కదా, గోడ వారనే పరిగెడుతుంది తప్ప హాలు మధ్యలోకి రాదు. ఒక రోజంతా తిండి పెట్టకుండా ఉంచి, వెలుతురున్న పెట్టె మధ్యలో గింజ పెట్టి, అంచున చిట్టెలుకని వదిలారు. ఆకలి లాగుతుంది, భయం ఆపుతుంది, ఎంతసేపటికి వెళ్ళి గింజ కొరుకుతుంది అన్నది టైమ్ చూస్తారు. ఫ్లూక్సెటిన్ 5 రోజులు ఇచ్చినవి మామూలు వాటికంటే తొందరగా ఏం వెళ్ళలేదు. 4 వారాలు ఇచ్చినవి తొందరగా వెళ్ళాయి. ఇక్కడ ఆగలేదు వాళ్ళు. ఇంకొన్ని చిట్టెలుకలకి ఒంటికంతా సీసం అడ్డం పెట్టి ఒక్క హిప్పోకాంపస్ ఉన్నచోట మాత్రం ఎక్స్‌రే కొట్టారు, దాంతో ఆ విత్తన కణాలు విడిపోవడం ఆగిపోతుంది, మిగతా కణాలు బతికే ఉంటాయి. ఇప్పుడు అదే మందు అదే 4 వారాలు ఇచ్చారు. పనిచేయలేదు. గింజ దగ్గరికి వెళ్ళడానికి మందు లేనివాటికి ఎంతసేపో వీటికీ అంతసేపే. అంటే వాళ్ళు వాడిన జాతి చిట్టెలుకల్లో ఆ పరీక్షలో మందు పనిచేయాలంటే కొత్త కణాలు పుట్టాలి. నాలుక గీకే అనుమానానికి జవాబు దొరికినట్టే. సెరటోనిన్‌ని అందుకునే ఒకానొక రిసెప్టర్, 1ఏ అంటారు, అది పుట్టుకతోనే లేకుండా చేసిన చిట్టెలుకల్లో కూడా ఫ్లూక్సెటిన్ పనిచేయలేదు, కొత్త కణాలు కూడా పెరగలేదు.

పుట్టిన కణం పుట్టగానే పనికిరాదు. మా డెల్టాలో ఎవరికైనా ఇది ఇట్టే అర్థమవుతుంది, నారు పోసి నాటేసరికే 25, 30 రోజులు, నాటాక వేరు పట్టాలి, అప్పటిదాకా గట్టు మీద కూర్చుని ఏదీ పంట అంటే ఎలా. చిట్టెలుకలో కూడా కొత్త నరకణం కొమ్మలు వేసి పక్క కణాలతో ముడిపడి పనిలోకి దిగడానికి 4 నుంచి 6 వారాలు. 2008లో అదే కొలంబియా వాళ్ళు ఇంకో సంగతి చూశారు, ఎక్కువకాలం ఫ్లూక్సెటిన్ ఇస్తే కణాలు పుట్టడమే కాదు, పుట్టినవి తొందరగా ఎదుగుతాయి, కొమ్మలు ఎక్కువ వేస్తాయి అని. మా పిన్నికి నేను ఈ నారుమడి మాటే చెప్పాను, ఆవిడ పుట్టిల్లు దుగ్గిరాల వైపు, వెంటనే తలూపింది.

ఇక కణం లోపల కబురు ఎలా వెళ్తుంది అన్నది, అదే సిగ్నలింగ్ అంటాం, అది కూడా రాయనివ్వండి, ఇందులో మన తెలుగువాడి చెయ్యి ఉంది. సెరటోనిన్ లాంటివి వచ్చి కణం పైపొర మీద ఉన్న రిసెప్టర్‌కి తగులుతాయి, కొన్ని రిసెప్టర్లు లోపలున్న ఏటీపీ అనే పదార్థాన్ని సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న కబురుగా మార్పిస్తాయి, అది పోయి ఒక ఎంజైమ్‌ని లేపుతుంది, ఆ ఎంజైమ్ పోయి కణం గర్భంలో ఉన్న క్రెబ్ అనే ప్రోటీన్‌ని తట్టి లేపుతుంది, క్రెబ్ పోయి బీడీఎన్ఎఫ్ అనే ప్రోటీన్ తయారుచేసే జీన్‌ని ఆన్ చేస్తుంది. బీడీఎన్ఎఫ్‌ని కణాలకి ఎరువు అనుకోండి, అది ట్రాక్-బీ అనే ఇంకో రిసెప్టర్‌కి తగిలితే కణం బతుకుతుంది, కొమ్మలు వేస్తుంది, కొత్త ముడులు కడుతుంది. డ్యూమన్ వాళ్ళు 1990ల మధ్యలోనే చూపించారు, మందు వారాల తరబడి ఇస్తేనే పెద్ద ఎలుకల హిప్పోకాంపస్‌లో క్రెబ్, బీడీఎన్ఎఫ్ పెరుగుతాయని. ఈ గొలుసుకట్టులో ఏటీపీ అన్నాను చూశారా, దాన్ని కండరంలో కనిపెట్టి 1929లో అమెరికా సైంటిస్ట్ ఫిస్క్‌తో కలిసి బయటపెట్టింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. పిల్లలకి ఏటీపీ అంటే ఎనర్జీ కరెన్సీ అని బట్టీ పట్టిస్తాం, అదే ఏటీపీ మనసు బాగవడానికి వెళ్ళే కబురులో కూడా ఉందని ఎవరూ చెప్పరు. ముంబైలో టీఐఎఫ్ఆర్ అనే పరిశోధన సంస్థలో విదితా వైద్య గారని ఉన్నారు, డ్యూమన్ దగ్గరే పీహెచ్‌డీ చేసి వచ్చారు, ఆవిడ టీమ్ 2019లో సెరటోనిన్ అనేది నరకణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా సంఖ్యని పెంచి ఏటీపీ తయారీ పెంచుతుందని చూపించింది. అంటే సెరటోనిన్ ఒట్టి సంతోషం రసాయనం కాదు, కణానికి బలం కూడా. మన దేశంలో మన ల్యాబ్‌లో జరిగిన ఈ పని గురించి తెలుగులో రాస్తే మా ఇంటర్ పిల్లలు ఎగబడి చదువుతారు.

2021లో ఫిన్లాండ్‌లో హెల్సింకీ యూనివర్సిటీ ఎయిరో కాస్ట్రెన్ టీమ్ ఇంకా వింతైన మాట చెప్పింది, ఈ మందులు సెరటోనిన్ పంపు దగ్గర ఆగకుండా నేరుగా ఆ ట్రాక్-బీ రిసెప్టర్‌కే అతుక్కుంటాయి అని. ట్రాక్-బీలో మందు పట్టుకునే చోట ఒకే ఒక్క అమైనో ఆమ్లం మార్చిన చిట్టెలుకల్లో మందుల ప్రభావం కనపడలేదు. అయితే అతుక్కోవడం గట్టిగా ఉండదు, మెదడులో మందు కొన్నాళ్ళపాటు పోగుపడి కొంత మోతాదుకి చేరాలి అన్నది వాళ్ళ వాదన, ఆలస్యానికి అదీ ఒక కారణం అంటారు. నాకైతే ఈ పేపర్ చదివిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు, అంత ఉత్సాహం వచ్చింది.

ఇక ఇప్పుడు రెండో వైపు. ఇది రాయకపోతే నేను కూడా మీ హెడ్డింగ్ రాసినవాళ్ళలాగే చేసినదాన్ని అవుతాను. 2008లో వేరే జాతి చిట్టెలుకల్లో, బాల్బ్-సీ అంటారు, ఫ్లూక్సెటిన్ ఇస్తే కొత్త కణాల పుట్టుకతో పని లేకుండానే ప్రవర్తన మారింది. 2009లో రెనే హెన్ టీమే మళ్ళీ చూసి, కొన్ని ప్రవర్తనలకి కొత్త కణాలు కావాలి, కొన్నిటికి అక్కర్లేదు అని రాశారు, తమ మాటని తామే సవరించుకున్నారు, నాకు ఆ నిజాయితీ చాలా నచ్చింది. అదే 2009లో జర్మనీ వాళ్ళు ఇంకోటి చూశారు, వయసు ముదిరిన చిట్టెలుకల్లో ఫ్లూక్సెటిన్ ఇచ్చినా కొత్త కణాలు పెరగలేదు. మరి 61 ఏళ్ళ మా పిన్నికి మెదడులో కొత్త కణాలు పుట్టి బాగైంది అని నేను ఏ ముఖం పెట్టుకుని చెప్పను? బతికున్న మనిషి తలలో ఆ కణాలని లెక్కపెట్టే పద్ధతే లేదు. పైగా చిట్టెలుకకి డిప్రెషన్ వచ్చిందని అది చెప్పదు, మనం ప్రవర్తన చూసి అనుకోవడమే. 1977 నుంచీ వాడే ఒక పరీక్షలో నీళ్ళ గాజు గొట్టంలో వదిలి ఎంతసేపు ఈదుతుంది, ఎప్పుడు ఊరుకుంటుంది అని చూస్తారు, దాంట్లో ఒక్క రోజు మందుకే తేడా వచ్చేస్తుంది, మనుషుల్లో వారాలు పట్టేదానికి ఒక్క రోజులో తేడా చూపించే పరీక్ష మనిషి జబ్బుకి ఎంత దగ్గర అన్నది నాకెప్పుడూ అనుమానమే. గింజ పరీక్ష నయం, అది కనీసం వారాలు అడుగుతుంది.

మనుషుల్లో అయితే గొడవ ఇంకా నడుస్తోంది. 1998లో స్వీడన్‌లో, చనిపోయిన 5గురు క్యాన్సర్ పేషెంట్ల మెదడులో కొత్త కణాల గుర్తు చూశారు, వాళ్ళకి బతికుండగా వైద్య పరీక్ష కోసం ఎక్కించిన రసాయనమే గుర్తుగా పనికొచ్చింది. 2013లో స్వీడన్‌ వాళ్ళే, 1950, 60ల్లో అణుబాంబు పరీక్షల వల్ల గాలిలోకి వచ్చిన కార్బన్-14 అనే ఒక రకం కార్బన్‌ని ఆధారం చేసుకుని ఒక్కో హిప్పోకాంపస్‌లో రోజుకి 700 కొత్త నరకణాలు పుడతాయని లెక్క కట్టారు. 2018 మార్చిలో ఒక టీమ్ పెద్దవాళ్ళలో అసలు కనపడట్లేదు అంది, ఏప్రిల్‌లో ఇంకో టీమ్ ముసలితనంలో కూడా ఉన్నాయి అంది, నెల తేడాలో. మనిషి మెదడులో 8600 కోట్ల నరకణాలు, చిట్టెలుక మెదడులో 7 కోట్లు, అర గ్రాము కూడా ఉండదు దాని మెదడు. అందుకే చిట్టెలుకల్లో అన్న మాట హెడ్డింగ్‌లోనే ఉండాలి అని నేను పట్టుబడుతున్నది. అది తీసేస్తే వార్త మారిపోతుంది.

అలాగని ఎలుకల మాట మనకెందుకు అని కొట్టిపారేస్తే ఇంకా పెద్ద తప్పు. 2011లో కాస్ట్రెన్ టీమ్ చేసిన ఒక పని ప్రతి ఇంట్లో తెలియాలి. చిట్టెలుకలకి ఒక శబ్దం వినిపించి చిన్న షాక్ ఇచ్చి ఆ శబ్దం అంటేనే భయం పుట్టించారు. తర్వాత కొన్నిటికి మందు మాత్రమే ఇచ్చారు, భయం పోలేదు. కొన్నిటికి మందు లేకుండా షాక్ లేని శబ్దం మళ్ళీమళ్ళీ వినిపించి భయం పోగొట్టారు, పోయినట్టే పోయి తిరిగొచ్చింది. ఫ్లూక్సెటిన్, ఆ ట్రైనింగ్ రెండూ కలిపి ఇచ్చినవాటికి పోయిన భయం పోయినట్టే ఉంది. అంటే మందు నేలని మెత్తబరుస్తుంది, దున్ని విత్తు వేయాల్సింది చుట్టూ ఉన్న బతుకు. 1997లో ఆట సామాన్లు, సొరంగాలు పెట్టిన పెద్ద పంజరంలో ఉంచిన చిట్టెలుకల్లో, 1999లో పరిగెత్తడానికి చక్రం పెట్టిన చిట్టెలుకల్లో కూడా కొత్త కణాలు ఎక్కువయ్యాయి, ఏ మందూ లేకుండానే. టాబ్లెట్ తెచ్చి చేతిలో పెట్టి, తలుపు దగ్గరికేసి, రెస్ట్ తీసుకో అని ఒంటరిగా వదిలేస్తున్నాం మనం మన పెద్దవాళ్ళని. నేనూ అదే చేశాను మొదట్లో, మంచిదనుకునే చేశాను.

రెండోసారి మొదలుపెట్టినప్పుడు డాక్టర్ గారు మారారు, ఈయన తక్కువ డోసుతో మొదలుపెట్టి, వికారం మొదటి వారం పది రోజులు ఉండి తగ్గుతుంది, గుణం మాత్రం నెలకి గానీ తెలీదు, మధ్యలో మీ అంతట మీరు ఆపొద్దు అని కాగితం మీద తేదీలు వేసి ఇచ్చారు. మా చెల్లెలు పొద్దున్నే కాలవగట్టు మీద నడవడానికి తీసుకెళ్ళేది, పిన్ని నడవనంటే అక్కడే కూర్చోబెట్టి తీసుకొచ్చేది. మూడో వారం దాకా ఏం లేదు. ఐదో వారంలో ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర, గోంగూరలో ఉప్పు తక్కువైందే అంది. మా చెల్లెలు లేచి వంటింట్లోకి పోయి ఏడ్చింది. ఆరు నెలల నుంచీ ఉప్పుందో లేదో కూడా తెలియని మనిషి. నాకు వెంటనే ఆ వెలుతురు పెట్టె మధ్యకి వచ్చి గింజ కొరికిన చిట్టెలుక గుర్తొచ్చింది, రెండూ ఒకటి కాదని నాకు తెలుసు, అయినా గుర్తొచ్చింది.

2015-16లో బెంగళూరు నిమ్హాన్స్ వాళ్ళు చేసిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్ళలో ప్రతి 20 మందిలో ఒకరికి డిప్రెషన్ అనుభవం ఉంది, వాళ్ళలో ఎక్కువమందికి వైద్యమే అందట్లేదు. అందినవాళ్ళలో మా పిన్నిలా పదకొండో రోజున ఆపేసేవాళ్ళు మా వీధిలోనే నాకు తెలిసి ముగ్గురున్నారు. అందుకని మీ దగ్గర నాకు కావాల్సింది మూడే. ఇలాంటి వార్త వేసేటప్పుడు హెడ్డింగ్‌లోనే చిట్టెలుకల్లో అని వేయండి, హెడ్డింగ్ రెండు లైన్లయినా పర్లేదు. ఎన్ని వారాలు మందు ఇచ్చారో మొదటి పేరాలోనే రాయండి, ఎందుకంటే ఆ అంకె చూసి ఇంకో రెండు వారాలు ఓపిక పట్టేవాళ్ళు ఉంటారు. ఇంక ఐటమ్ కింద ఒక చిన్న బాక్సు కట్టి, మందు మీ అంతట మీరు ఆపొద్దు, ఆపాలంటే డాక్టర్ మెల్లమెల్లగా డోసు తగ్గిస్తారు, 25 ఏళ్ళలోపు పిల్లలకి మొదలుపెట్టిన కొత్తలో ఇంట్లోవాళ్ళు కనిపెట్టుకుని ఉండాలి అని రాసి, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 వేయండి. 2022 అక్టోబర్ 10న మొదలైంది అది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

పిన్ని ఫోన్‌కి నేను ఏం చెప్పానంటే, ఆపకు, ఆ వార్త చిట్టెలుకల గురించి, నీ గురించి రాసింది కాదు, నీ డాక్టర్ గారితో వచ్చే మంగళవారం మాట్లాడదాం అన్నాను. సరేలే, అయితే ఆ చిట్టెలుకలకి బాగైందా అని అడిగింది. 4 వారాలు ఇచ్చినవాటికి బాగైంది పిన్నీ అన్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు, జువాలజీ లెక్చరర్,
తెనాలి